50 క్యాలిబర్ రైఫిల్‌కి 0.490 గుండా, 0.495 గుండా?

బ్యారెల్ మీద 50 అని చెక్కి ఉంటుంది. కొట్లో అర మీద రెండు డబ్బాలు పక్కపక్కనే కనబడతాయి. ఒకదాని మీద 0.490, ఇంకోదాని మీద 0.495, అంగుళాల్లో గుండు వ్యాసం అన్నమాట. రెండూ 50 క్యాలిబర్‌కే అంటారు. 0.500 గుండు ఉందా అని అడిగితే కొట్టువాడు మీ మొహం వంక చూస్తాడు. మజిల్‌లోడర్, అంటే మూతిలోంచి మందూ గుండూ దట్టించి కాల్చే రైఫిల్, కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే తికమకపడతారు. చేతికందిన డబ్బా తెచ్చుకుని, గురి కుదరక, నెలరోజులు రైఫిల్‌ని తిట్టుకుంటారు.

గుండు సైజు విడిగా ఎంచుకునేది కాదు. గుండు, దాని చుట్టూ చుట్టే గుడ్డ, బ్యారెల్ లోపలి గాడి లోతు, ఈ మూడూ కలిసి ఒకే లెక్క. గాడి లోతు మీరు మార్చగలిగేది కాదు. గుండు సైజులు రెండో మూడో దొరుకుతాయి, అంతే. నిజంగా సర్దుకోవడానికి మీ చేతిలో మిగిలేది గుడ్డ. అందుకే గుండు గురించి అని మొదలుపెట్టిన ఈ పోస్టులో సగం గుడ్డ సంగతే ఉంటుంది.

ఇదంతా అమెరికాలో, ఫ్యాక్టరీలో గానీ పేరున్న బ్యారెల్ తయారీదారు దగ్గర గానీ చేసిన రైఫిల్‌తో, బ్లాక్ పౌడర్‌తో కాల్చేవాళ్ల కోసం. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయితో మందు అంటించే తుపాకి) వేట సీజన్‌కో, ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో జరిగే జాతీయ మజిల్‌లోడింగ్ పోటీలకో తయారయ్యేవాళ్ల కోసం అనుకోండి. ఇలాంటి తుపాకుల్ని చాలావరకు అక్కడి ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాల కింద లెక్కేస్తుంది. అయితే రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్లయితే ఆ సంగతి తేల్చుకున్నాకే కొనండి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం దీనికీ లైసెన్సు కావాలి. ఇక ఊళ్లో పైపు ముక్కతో చేసిన నాటు తుపాకి మీద ఇందులో ఒక్క వాక్యం కూడా ప్రయోగించొద్దు. దాని బ్యారెల్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చేసినవాడికే తెలియదు.

ఇంకో చిన్న మాట. బ్లాక్ పౌడర్‌ని తెలుగులో ‘నల్లమందు’ అనేయకండి, అది అభిని. తుపాకిమందు అనండి, లేదా ఉత్తి ‘మందు’ అనండి, సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. దాని బదులు స్మోక్‌లెస్ పౌడర్, అంటే ఇప్పటి తూటాల్లో వాడే మందు, మాత్రం ఎప్పుడూ, ఏ కొలతలోనూ వాడకూడదు. బ్యారెల్ పేలుతుంది.

గట్టు, గాడి

రైఫిల్ బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. రెండు గాడుల మధ్య ఎత్తుగా మిగిలిన భాగాన్ని గట్టు అందాం. 50 క్యాలిబర్ అంటే ఎదురెదురు గట్ల మధ్య దూరం 0.500 అంగుళం అని. గాడి అడుగు నుంచి గాడి అడుగుకి కొలిస్తే అంతకంటే ఎక్కువ వస్తుంది. ఎంత ఎక్కువ అనేది బ్యారెల్‌ని బట్టి ఉంటుంది, అసలు కథంతా అక్కడే. అంగుళంలో వెయ్యో వంతుని మన లేత్ పనివాళ్ల మాటలోనే ‘థౌ’ అంటాను. 0.010 అంటే పది థౌ.

థాంప్సన్ సెంటర్ హాకెన్ తరహా రైఫిళ్లలో గాడి లోతు సుమారు 5 థౌ. వాటి మెలిక 48 అంగుళాలకు ఒక చుట్టు. గుండుకీ, కోసుగా ఉండే బుల్లెట్‌కీ రెండింటికీ పనికొచ్చేలా మధ్యేమార్గంగా చేసినవి. గుండు కోసమే చేసిన బ్యారెళ్లలో మెలిక ఇంకా నెమ్మదిగా ఉంటుంది. లైమన్ కంపెనీ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్‌లో 60 అంగుళాలకు ఒక చుట్టు, గ్రీన్ మౌంటెన్ వాళ్ల గుండు బ్యారెళ్లలో 70కి ఒకటి. గాడులు కూడా పది థౌ, ఆ పైన ఉంటాయి. గుండ్రటి అడుగు ఉన్న గాడులతో చేసే కస్టమ్ బ్యారెళ్లలో 16 థౌ దాకా పోతుంది. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్ ఉందంటే అది శాబట్ బుల్లెట్ల (ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కాల్చే సన్నటి బుల్లెట్లు) కోసం చేసినది. దాంట్లో గుండు తక్కువ మందుతో ఫర్వాలేదనిపిస్తుంది, మందు పెంచితే గాడులు వదిలేసి జారిపోతుంది. దానికి గుండు సైజులు వెతుకుతూ కూర్చోవడం దండగ.

ఇప్పుడు లెక్క చూద్దాం. 0.500 బ్యారెల్, పది థౌ గాడి. అంటే గాడి నుంచి గాడికి 0.520. అందులో 0.490 గుండు పెడితే గట్టు దగ్గర ఒక్కో పక్క 5 థౌ ఖాళీ, గాడి దగ్గర 15 థౌ. గుడ్డ ఈ రెండు చోట్లా నిండాలి. గట్టు దగ్గర ఎలాగూ నలిగిపోతుంది, సీసం మెత్తన కాబట్టి కాస్త లోపలికి కూడా దిగుతుంది. సమస్య గాడి దగ్గరే. అక్కడి 15 థౌని గుడ్డ నింపలేకపోతే మందు మండిన వేడి గ్యాసు ఆ సందులోంచి దూసుకొచ్చి గుడ్డని కాల్చేస్తుంది. గుడ్డ కాలిపోతే గుండుకి మెలిక అందదు. అప్పుడు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి ఎక్కడికో పోతాయి.

కాబట్టి సూత్రం చిన్నదే. గాడి వ్యాసంలోంచి గుండు వ్యాసం తీసెయ్యండి, సగం చెయ్యండి. వచ్చిన సంఖ్య ఎంతో, నొక్కిపెట్టి కొలిచినప్పుడు గుడ్డ మందం కనీసం అంత ఉండాలి. ఒకటి రెండు థౌ ఎక్కువైతే ఇంకా మంచిది.

ఈ సూత్రంతో ‘0.495 గుండు, 10 థౌ గుడ్డ’ అని చాలామంది చెప్పే జోడీని పరీక్షించండి. పది థౌ గాడి ఉన్న బ్యారెల్‌లో 0.495 గుండుకి గాడి దగ్గర ఖాళీ 12.5 థౌ. పది థౌ గుడ్డ అక్కడ చాలదు. అదే జోడీ 5 థౌ గాడి ఉన్న బ్యారెల్‌లో చక్కగా కూర్చుంటుంది, ఎందుకంటే అక్కడ ఖాళీ 7.5 థౌనే. ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసింది ఇంకొకరికి ఎందుకు పనిచేయదో అర్థమైందిగా. రెండు రైఫిళ్ల మీదా 50 అనే రాసుంటుంది.

పదహారు థౌ గాడి ఉన్న బ్యారెల్‌లో 0.490 పెడితే గాడి దగ్గర 21 థౌ ఖాళీ. దానికి డెనిమ్ లాంటి మందపాటి గుడ్డ కావాలి. వినడానికి చాలా బిర్రుగా ఉంటుందనిపిస్తుంది గానీ గుండ్రటి అడుగున్న గాడిలో మూలలు ఉండవు కాబట్టి గుడ్డ సులువుగా ఒదిగిపోతుంది, అనుకున్నంత కష్టం ఉండదు.

ముందు మీ బ్యారెల్ కొలవండి

తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకోకుండా ఏ కొలతా మొదలుపెట్టొద్దు. ర్యామ్‌రాడ్‌ని, అంటే గుండు దట్టించే కడ్డీని, బ్యారెల్‌లో చివరిదాకా దించి, మూతి దగ్గర గోరుతో పట్టుకుని, బయటికి తీసి బ్యారెల్ పక్కన పెట్టి చూడండి. కడ్డీ కొస ఫ్లాష్ హోల్ (నిప్పు లోపలి మందుకి అందే రంధ్రం) లేదా నిప్పిల్ (నిప్పు పుట్టించే క్యాప్‌ని తొడిగే మొన) ఉన్నచోటుకి రావాలి. రెండంగుళాలు ముందే ఆగిందంటే లోపల ఎవరో దట్టించి వదిలేసిన గుండు ఉందన్నమాట. సెకండ్‌హ్యాండ్ తుపాకుల్లో ఇది వింతేమీ కాదు.

క్యాలిపర్‌ని మూతిలో పెట్టి కొలిస్తే గట్ల మధ్య దూరం సుమారుగా తెలుస్తుంది. కానీ మూతి అంచు కాస్త ఏటవాలుగా అరగదీసి ఉంటుంది కాబట్టి క్యాలిపర్ దవడలు లోపలికి దిగాకే చదవండి. గాడులు ఆరో ఎనిమిదో ఉంటే గాడికి ఎదురుగా గాడే ఉంటుంది, కొలత సులువు. ఏడు ఉంటే గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, క్యాలిపర్ తప్పు చెప్తుంది. అలాంటప్పుడు తయారీదారు ఇచ్చిన గాడి లోతుని నమ్మడమే మేలు, పాత బ్యారెల్ అయితే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

కొలత కంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది, దానికి పరికరం అక్కర్లేదు. మందు లేదు, క్యాప్ లేదు. అరచెయ్యంత గుడ్డ ముక్కని కందెనతో తడిపి మూతి మీద పరిచి, గుండు పెట్టి, షార్ట్ స్టార్టర్ (గుండుని మూతిలోకి దింపే, పిడి ఉన్న పొట్టి కడ్డీ) చిన్న మొనతో మూతి అంచుకి సమంగా దిగేవరకే కొట్టండి. గుడ్డ అంచులు బయటే ఉన్నాయి కదా, నాలుగు కొసలూ కలిపి మెలిపెట్టి బయటికి లాగండి. గుండుని వెలుతురులో తిప్పి చూడండి. గట్టు తగిలిన చోట సీసం మీద గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది, నిలువూ అడ్డం పోగులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. గట్ల దగ్గర అచ్చు బాగా పడి, గాడుల దగ్గర లీలగానైనా నేత కనిపిస్తే జోడీ కుదిరినట్టే. గాడుల దగ్గర సీసం నున్నగా, మెరుస్తూ అలాగే ఉంటే గుడ్డ పలచన. గట్ల దగ్గర కూడా అచ్చు లేకపోతే ఇక ఆ జోడీని కాల్చి చూడాల్సిన పని కూడా లేదు.

గుడ్డ

పిల్లో టికింగ్ అని దిండ్లకీ పరుపులకీ వాడే గట్టి నేత నూలు గుడ్డ దొరుకుతుంది, నీలం చారలతో. దాన్ని మించింది నాకు కనబడలేదు. నూటికి నూరు పాళ్లు నూలే ఉండాలి. పాలిస్టర్ కలిసిందంటే వేడికి కరిగి బ్యారెల్‌లో అంటుకుంటుంది. లేబుల్‌ని నమ్మక్కర్లేదు. చీరల కొట్లో పట్టు అసలుదో కాదో చూడ్డానికి పోగు లాగి వెలిగించే పద్ధతి మనవాళ్లకి తెలిసిందే, ఇదీ అంతే. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద మిగులుతుంది. చివర గట్టి పూసలా ముడుచుకుంటే అందులో ప్లాస్టిక్ ఉంది, వదిలెయ్యండి.

కొనేముందు క్యాలిపర్ కొట్టుకే తీసుకెళ్లండి. దవడల మధ్య గుడ్డ పెట్టి, బొటనవేలూ చూపుడువేలుతో గట్టిగా నొక్కి చదవండి. ప్యాకెట్ మీద 18 థౌ అని రాసున్నది నొక్కితే 15 దగ్గర నిలుస్తుంది. మన సూత్రానికి కావలసింది ఈ రెండో సంఖ్యే. ఒకరు వదులుగా కొలిచి, ఇంకొకరు నొక్కి కొలిచి, ఇద్దరూ ‘మాది 15 థౌ’ అని వాదించుకోవడం వల్లే సగం గందరగోళం.

తెచ్చాక వేడినీళ్లలో ఉతకండి. మిల్లులో పెట్టిన గంజి పోవాలి, లేకపోతే కందెన పీల్చదు. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వద్దు. ఉతికితే గుడ్డ కాస్త ముడుచుకుని మందం పెరుగుతుంది, కాబట్టి ఆరాక మళ్లీ కొలవండి. గుండ్రంగా కత్తిరించుకోవాలంటే గుండు వ్యాసానికి రెండున్నర రెట్లు సరిపోతుంది, అంటే 0.490 గుండుకి అంగుళంపావు. మూతి దగ్గరే కత్తితో కోసుకునే అలవాటున్నవాళ్లకి ఈ లెక్క అవసరం లేదు.

కందెన విషయంలో ఒక్క నియమం చాలు: మామూలు పెట్రోలియం నూనెలు వద్దు. మోటార్ ఆయిల్ లాంటివి బ్లాక్ పౌడర్ మసితో కలిసి తారులా గట్టిపడతాయి. తేనెమైనం, జంతువుల కొవ్వు కలిపి కరిగించినది, ఆలివ్ నూనె, ఇవన్నీ పనిచేస్తాయి. పోటీల్లో ఉమ్మి కూడా పనిచేస్తుంది, వెంటనే కాల్చేస్తారు కాబట్టి. వేటలో పనికిరాదు, గంటల తరబడి తుపాకిలో ఉండే గుడ్డ ఎండిపోతుంది, కింద మందుని కూడా తడిపేస్తుంది. ఒక పాలు బాలిస్టాల్‌కి (నీళ్లలో కలిసే తుపాకి నూనె) ఆరేడు పాళ్లు నీళ్లు కలిపి గుడ్డని ముంచి, పరిచి ఆరబెట్టి వాడే పద్ధతి ఒకటుంది. ప్రతి ముక్కలోనూ నూనె ఒకేలా ఉంటుంది. టార్గెట్ మీద దాని ఫలితం తెలుస్తుంది.

ఇక గుండు

0.490 గుండు స్వచ్ఛమైన సీసంతో చేస్తే 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. 0.495 అయితే 182. అయిదు గ్రెయిన్ల తేడా జింకకి తెలీదు. కాబట్టి ‘పెద్ద గుండు ఎక్కువ బలం’ అనే లెక్కతో ఎంచుకోవద్దు.

కొత్తవాళ్లకి నేను చెప్పేది 0.490, మందపాటి గుడ్డ. కారణం ఉంది. 0.495 తీసుకుంటే గట్టు దగ్గర రెండున్నర థౌ ఖాళీయే మిగులుతుంది. పలచటి గుడ్డ అక్కడ నలిగి, మూతి అంచు పదునుగా ఉంటే తెగుతుంది. మందపాటి గుడ్డ పెడితే సుత్తి కావాలి. రెండో గుండు దట్టించేసరికి మొదటిదాని మసి అడ్డం పడి, కడ్డీ మధ్యలో ఇరుక్కుంటుంది. 0.490లో మసికి చోటు ఉంటుంది, గుడ్డ ఆ చోటంతా ఆక్రమిస్తుంది. ప్రతి గుండు తర్వాతా బ్యారెల్ తుడుచుకునే ఓపికా సమయమూ ఉన్న పోటీ షూటర్‌కి 0.495 ఒక మెట్టు పైన ఫలితం ఇవ్వొచ్చు. వేటలో రెండో గుండు తుడవకుండా దిగాలి.

డెన్వర్ లాంటి పొడి వాతావరణంలో మసి పెంకులా గట్టిపడుతుంది, తేమ ఉన్నచోట మెత్తగా ఉంటుంది. హ్యూస్టన్‌లో అయిదు గుండ్లు తుడవకుండా దిగిన జోడీ అరిజోనాలో రెండోదానికే మొరాయిస్తే ఆశ్చర్యపోకండి.

మిగతా క్యాలిబర్లకి మొదలుపెట్టే సైజులు త్వరగా చెప్పేస్తాను. 32కి 0.310, 36కి 0.350, 40కి 0.390, 45కి 0.440, 54కి 0.530, 58కి 0.570. అంటే మొదటి ప్రయత్నం పది థౌ తక్కువ, రెండో ప్రయత్నం అయిదు థౌ తక్కువ. 32, 36 లాంటి సన్న బ్యారెళ్లలో మసి ప్రభావం మరీ ఎక్కువ, పెద్ద సైజు జోలికి తొందరపడి పోవద్దు. గాడులే లేని నున్నటి 62 బ్యారెల్‌కి 0.600 గుండుతో మొదలుపెట్టొచ్చు. బ్లాక్ పౌడర్ రివాల్వర్ల లెక్క మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ గుండు చాంబర్ కంటే పెద్దది ఉండాలి, నొక్కినప్పుడు సన్నటి సీసం ఉంగరం చెక్కుకుని రావాలి. అందుకే 44 రివాల్వర్‌కి 0.451 లేదా 0.454, 36కి 0.375. ఆ డబ్బా ఈ రైఫిల్‌కి తెచ్చుకోకండి.

చరిత్రలో రెండు దారులూ కనిపిస్తాయి. బ్రౌన్ బెస్ మస్కెట్ బ్యారెల్ 0.75, దానికి వాడిన గుండు 0.69 దరిదాపు. అరవై థౌ వదులు! కాగితం తూటా చింపి, మందు పోసి, మసి పట్టిన బ్యారెల్‌లో కూడా గుండు గబగబా జారాలి, వరసలో నిలబడి కాల్చేవాడికి గురి కంటే వేగం ముఖ్యం. ఈస్టిండియా కంపెనీ తన సైన్యాల కోసం చేయించిన ‘ఇండియా ప్యాటర్న్’ మస్కెట్ ఈ జాతిదే. ఆ తుపాకినే 1797లో బ్రిటిష్ సైన్యం కూడా తీసుకుంది. కొన్నేళ్లకే వచ్చిన బేకర్ రైఫిల్‌లో సంగతి తిరగబడింది. 0.625 బ్యారెల్, ఏడు గాడులు, గుడ్డ చుట్టిన బిర్రు గుండు. ఎంత బిర్రంటే మొదట్లో సైనికులకి గుండు కొట్టడానికి చిన్న చెక్క సుత్తులు కూడా ఇచ్చారు.

సీసం స్వచ్ఛమైనదా కాదా అనేదీ సైజులో భాగమే. గోటితో గీస్తే గీత పడాలి. టైరు వీల్‌కి తగిలించే తూకపు ముక్కలు కరిగించి పోసిన గుండ్లు గట్టిగా ఉంటాయి, పైగా అదే అచ్చులోంచి ఒకటి రెండు థౌ పెద్దగా వస్తాయి, ఎందుకంటే ఆ మిశ్రమం చల్లారేటప్పుడు సీసమంత ముడుచుకోదు. 0.490 అచ్చు కదా అని మీరు అనుకుంటారు, చేతిలో ఉన్నది 0.492, గుడ్డ అచ్చు కూడా పడనంత గట్టిది. ప్రతి కొత్త బ్యాచ్‌లో పది గుండ్లని మైక్రోమీటర్‌తో మూడు దిక్కుల్లో కొలవండి. తూకం కూడా వెయ్యండి. 177 రావాల్సిన చోట 174 వచ్చిందంటే లోపల గాలిబుడగ ఉండొచ్చు, లేదా అది స్వచ్ఛమైన సీసం కాకపోవచ్చు. అలాంటివి పక్కన పడేసి మళ్లీ కరిగించుకోండి. అచ్చులో పోసిన గుండుకి ఒకచోట చదునుగా తెగిన మచ్చ ఉంటుంది, దట్టించేటప్పుడు ఆ మచ్చ పైకి ఉండేలా పెట్టండి, ప్రతిసారీ ఒకేలా. అయితే అచ్చు కొనే తొందర వద్దు. ముందు రెండు సైజుల్లో నూరేసి గుండ్ల డబ్బాలు కొని, ఏది కుదిరిందో తేలాకే అచ్చు.

సీసం పోసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఆవిరి పేలి సీసం మీద పడుతుంది. వంటింటి గిన్నెలు, వంటింటి పొయ్యి వాడొద్దు. కొన్న గుండ్లు పట్టుకున్నా సరే, చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టుకోండి.

కాల్చి చూడటం

మందు కొలత తుపాకి మాన్యువల్‌లో చెప్పిన కనిష్ఠం దగ్గర పెట్టి, పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని కదపొద్దు. దూరం 25 గజాలు, తర్వాత 50. బెంచి మీద ఆనించి, ఒక్కో జోడీకి అయిదు గుండ్లు, ప్రతి గుండు తర్వాతా తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి. ఒకసారికి ఒక్కటే మార్చండి. గుండూ గుడ్డా ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

దట్టించేటప్పుడు చేతికి ఏం తెలియాలంటే: షార్ట్ స్టార్టర్ మీద అరచేత్తో ఒక గట్టి దెబ్బకి గుండు మూతిలోకి దిగాలి. తర్వాత కడ్డీని మూతికి ఆరేడు అంగుళాల పైన పట్టుకుని, జానెడు జానెడుగా, ఒకే ఒత్తిడితో దించాలి. చివర పట్టుకుని తోస్తే చెక్క కడ్డీ విరిగి చేతిలో దిగబడుతుంది. బొటనవేలితో నొక్కితేనే గుండు దిగిపోతే వదులు, మూతిని లోపలికి గరాటులా చెక్కించిన బ్యారెల్ అయితే తప్ప. సుత్తి వెతుక్కోవాల్సి వస్తే బిర్రు.

గుండు తప్పనిసరిగా మందు మీద ఆనాలి. మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు. మరీ బిర్రుగా ఉన్న జోడీతో గుండు మధ్యలో ఆగిపోవడం వల్ల ఇది జరుగుతుంది. మరీ వదులుగా ఉన్న జోడీతోనూ జరుగుతుంది, మూతి కిందికి పెట్టి నడిచేటప్పుడు గుండు ముందుకు జారి. కడ్డీ మీద ఖాళీ బ్యారెల్‌కి ఒక గీత, దట్టించాక ఇంకో గీత పెట్టుకోండి. రెండో గీత మూతి అంచుకి రాకపోతే కాల్చొద్దు.

ఇప్పుడు అసలు చదువు. రేంజి ఖాళీ అయ్యి, అందరూ తుపాకులు దించాక, మూతికి పది ఇరవై గజాల ముందు నేల మీద పడిన గుడ్డముక్కలు ఏరుకురండి. టార్గెట్ కంటే అవే ఎక్కువ చెప్తాయి. బాగున్న ముక్క మధ్యలో నల్లటి వృత్తం, దాని చుట్టూ గట్లు నొక్కిన గీతలు సమానదూరంలో, అంచులు పీచులు లేచి, కానీ గుడ్డ మొత్తంగా నిలిచి ఉంటుంది. కావాలంటే ఇంకోసారి వాడుకోవచ్చేమో అనిపించాలి (వాడకండి).

నల్లవృత్తం అంచున గాడులు ఉండే చోట్ల చిన్నచిన్న కాలిన రంధ్రాలుంటే గ్యాసు అక్కడినుంచి తప్పించుకుంది. గుడ్డ మందం రెండు మూడు థౌ పెంచండి, అది దొరక్కపోతే అప్పుడు గుండు 0.495కి మార్చండి. నడిమధ్యలో కాలి చిల్లు పడితే కందెన చాల్లేదు, లేదా గుడ్డ నాసిరకం. రంధ్రం అంచు నల్లగా కాకుండా, కత్తెరతో కోసినట్టు శుభ్రంగా ఉంటే అది కాలింది కాదు, తెగింది. కోతలు గట్లకి సరిపోయేలా వరసగా ఉంటే మూతి అంచో, గట్ల అంచులో పదునుగా ఉన్నాయి. కొత్త బ్యారెళ్లలో ఇది మామూలే. 220 నెంబరు ఎమరీ కాగితం మూతి మీద పెట్టి, బొటనవేలితో లోపలికి నొక్కుతూ అటూఇటూ తిప్పండి, అప్పుడప్పుడు బ్యారెల్‌ని పావు చుట్టు మారుస్తూ. తర్వాత 400తో నునుపు చెయ్యండి. వేలికి ఎక్కడా గరుకు తగలకూడదు. ఈ పని చేశాక, గుడ్డ తెగుతోందని వదిలేసిన 0.495 కూడా దారికి రావొచ్చు. గుడ్డ చిరిగి పేలికలై దొరికితే, లేదా అసలు ముక్కే దొరక్కపోతే, గుడ్డ పూర్తిగా కాలిపోతోంది. గురి గురించి ఆలోచించే దశ ఇంకా రాలేదు.

మందు పెంచితే కథ మళ్లీ మారుతుంది. తక్కువ మందుతో నిలిచిన గుడ్డ ఎక్కువ మందుతో కాలొచ్చు. వేట కొలతకి వెళ్లాక ఇంకోసారి నేలమీద ముక్కలు ఏరి చూడండి, అది తప్పదు.

కుదిరిన జోడీని ఒక అట్టముక్క మీద రాసి గుండ్ల సంచిలో వేసుకోండి: గుండు 0.490, టికింగ్ నొక్కితే 15 థౌ, కందెన ఇది, మందు ఇంత, కడ్డీ గీత ఇక్కడ. గుడ్డ అయిపోయి కొత్త తాను కొన్నప్పుడు అదే కొట్టు, అదే చారలు అని ఊరుకోకండి. ఉతికి, ఆరబెట్టి, నొక్కి కొలవండి. 13 థౌ వచ్చిందంటే కొత్త తాను పలచన, రైఫిల్‌లో లోపమేమీ లేదు.